లాకు ఎవరి చేతిలో ఉంది?

భీమవరం దగ్గర మా ఊళ్లో, కాలవ లాకుల పక్కనే టీ కొట్టు. రెండున్నరేళ్లు తటస్థంగా ఉన్న అమెరికాను 1917లో మొదటి ప్రపంచ యుద్ధంలోకి లాగింది బ్రిటన్ ప్రచారమేనని మాస్టారు, జర్మనీ చేతలేనని చెరువుల రాజుగారు పట్టుపట్టారు.

మాస్టారు: లాకు ముందే బిగించారండీ. 1914 ఆగస్టు 5న, యుద్ధం ప్రకటించిన కొన్ని గంటల్లోనే, బ్రిటన్ వాళ్లు సముద్రం అడుగున జర్మనీ తంతితీగలు కోసేశారు. ఇక న్యూయార్క్‌కు యూరప్ కబుర్లు చాలావరకు లండన్ మీదుగానే.

రాజుగారు: జర్మన్లు మాత్రం ఊరుకున్నారా? అమెరికాలో వాళ్ల రహస్య ప్రచారానికి డబ్బు లెక్కలు చూసే డాక్టర్ ఆల్బర్ట్ 1915లో న్యూయార్క్ రైల్లో కునుకు తీసి, బ్యాగు వదిలేసి దిగాడు. అమెరికా సీక్రెట్ సర్వీస్ మనిషి దాన్ని పట్టుకుని ఒకటే పరుగు! నెల తిరక్కుండా అందులో కాగితాలు పేపర్లో.

మాస్టారు: జర్మన్లు దొరికారు, బ్రిటన్ వాళ్లు దొరకలేదు. లండన్‌లో వెల్లింగ్టన్ హౌస్. పైకి ఇన్సూరెన్స్ ఆఫీసు, లోపల ప్రచార శాఖ. గిల్బర్ట్ పార్కర్ అనే నవలా రచయిత అమెరికాలో పెద్దమనుషులకు కరపత్రాలు పంపేవాడు. సర్కారు ముద్ర ఉండదు, సొంత ఉత్తరం జత. శుభలేఖకు పసుపు రాసి చేతికిచ్చినట్టు!

రాజుగారు: శుభలేఖ చూసి తుపాకీ పడతారా అండీ? 1915 మే 7న లూసిటేనియా ఓడను ముంచి 128 మంది అమెరికన్లను చంపింది జర్మన్ సబ్‌మెరైనే.

మాస్టారు: సరే. అయిదు రోజులకే బెల్జియంలో జర్మన్ సైన్యం అకృత్యాల మీద బ్రిటన్ వేయించిన బ్రైస్ రిపోర్టు. సాక్షుల పేర్లు లేవు, ప్రమాణాలు లేవు.

రాజుగారు: అక్కడి దినాన్ ఊళ్లో జర్మన్లు 674 మందిని చంపడం నిజమా కాదా?

మాస్టారు: నిజం. అందుకే నా మంట. నిజానికి పుకారు కలిపి అమ్మారు. రెండో యుద్ధంలో యూదులను చంపుతున్నారన్న కబురు వస్తే, మళ్లీ ఆ పాత కథేగా అని పెదవి విరిచినవాళ్లున్నారు.

(రాజుగారు కాసేపు మాట్లాడలేదు. ఆయన విషయంలో అది పెద్ద వార్తే.)

రాజుగారు: మరి జర్మనీ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మన్ టెలిగ్రామ్? అమెరికా మీద యుద్ధానికి కలిసొస్తే అని మెక్సికోకు టెక్సస్ ఆశ చూపించాడు. 1917 మార్చి 1న పేపర్లకెక్కితే దొంగ కాగితం అన్నారు. మార్చి 3న ఆయనే ఒప్పుకున్నాడు!

మాస్టారు: జనవరిలో బ్రిటన్ చేతిలో పడింది. అమెరికాకి ఇచ్చింది ఫిబ్రవరి ఆఖర్లో. నీళ్లు నీళ్లే రాజుగారూ, ఏ రోజు వదిలారన్నదే నేనడిగేది.

రాజుగారు: ఆయ్. ఏ రోజు వదిలినా, అవి బెర్లిన్ నించి వచ్చిన నీళ్లేగా? ఇంకో రెండు టీ చెప్పండి.