బైలాలు రాసేముందు దొంతాలి మాట వినండి

ఘన వ్యర్థాల నిర్వహణపై కేంద్రం తెచ్చిన కొత్త నిబంధనలు 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 2016 నాటి నిబంధనలకు కాలం చెల్లింది. ఇకపై ఇంట్లోనే చెత్తను నాలుగు రకాలుగా వేరుచేయాలి. తడిచెత్త, పొడిచెత్త సరే. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు విడిగా చుట్టి ఇవ్వాలి. కాలం తీరిన మందులు, బల్బులు, రంగుడబ్బాల వంటివి వీటిలో దేంతోనూ కలపకూడదు. అయితే కేంద్రం ఇచ్చింది చట్రమే. బండి ఏ వేళకు రావాలి, ఎవరి దగ్గర ఎంత రుసుము తీసుకోవాలి, ఎంత జరిమానా వేయాలి అన్నవి తేలేది నగరపాలక సంస్థ తనకు తాను రాసుకునే నియమాలైన బైలాల్లోనే. నెల్లూరు తన బైలాలను కొత్త నిబంధనలకు తగ్గట్టు మార్చుకోక తప్పదు. ఆ మార్పును ముసాయిదా దశలో ఉండగానే జనం ముందు పెట్టాలి.

అభిప్రాయ సేకరణ మన ఊళ్లలో ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. ఆఫీసు బోర్డు మీద ఒక నోటీసు, చాలాసార్లు ఇంగ్లిషులో. పనిదినాన పదకొండింటికి ఒక సమావేశం. గడువు ముగిశాక ‘అభ్యంతరాలేవీ రాలేదు’ అని అజెండాలో ఒక వాక్యం. చెత్త విషయంలో ఈ తంతు సాగకూడదు. బైలా కాగితం మీద ఎంత బాగున్నా వీధిలో దాన్ని నడిపించాల్సింది పారిశుధ్య కార్మికులు, ఇంటి ఆడవాళ్లు. వాళ్లకు కుదరని రూలు వారం కూడా నిలవదు.

పొద్దున్నే మూలాపేటలోనో బాలాజీనగర్‌లోనో చెత్తబండి వెనక పది నిమిషాలు నడిస్తే సంగతి బోధపడుతుంది. ఒక ఇల్లాలు కూరగాయల తొక్కలు ఒక బకెట్లో, కవర్లు, సీసాలు మరో బకెట్లో తెచ్చి ఇస్తుంది. బండిలో అరలు లేకపోతే రెండూ ఒకే కుప్పలో పడతాయి. మర్నాటి నుంచి ఆమె ఒకే బకెట్ తెస్తుంది. ఆమెను తప్పుపట్టగలమా? పక్కింటి సంచిలో అన్నం మెతుకుల మధ్య డైపరు, పగిలిన ట్యూబులైటు ముక్కలు ఉంటాయి. కార్మికురాలు వాటిని చేత్తోనే విడదీస్తుంది. గాజు గుచ్చుకునేది ఆ వేళ్లకే. నాలుగు రకాల చెత్తకు నాలుగు అరల బండి ఇస్తారా, చేతికి గట్టి గ్లౌజులు ఇస్తారా, వేరుచేయకుండా ఇచ్చిన చెత్తను తీసుకోబోనని చెప్పే హక్కు ఆమెకు ఉంటుందా? ముసాయిదా మీద మొదట అడగాల్సింది ఆమెనే. తెల్లవారకముందే వీధిలోకి దిగే మనిషిని పదకొండు గంటల సమావేశానికి రమ్మనడం పిలవకపోవడంతో సమానం. డ్యూటీ దిగాక, మస్టర్ (హాజరు) వేసే చోటనే, ఆ రోజు కూలి పోకుండా మాట్లాడాలి. చెత్త ఏరుకుని బతికేవాళ్లను గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలని 2016 నిబంధనలే చెప్పాయి. పాత సామాను కొట్ల దగ్గరకు వెళ్లి అడిగితే ఏ ప్లాస్టిక్కు ధర పలుకుతుందో, ఏది ఎవరూ కొనరో వాళ్లే చెబుతారు.

రెండో సమావేశం నగరం డంపింగ్ యార్డు ఉన్న దొంతాలిలో పెట్టాలి. నగరం వదిలించుకున్నదంతా చేరేది అక్కడికే. వానకు కుప్పల నుంచి ఊరే నీళ్లు, ఎండకు రేగే నిప్పు, ఈగలు, కుక్కలు డంపింగ్ యార్డు పక్కన బతికేవాళ్లకు నిత్యం ఉండే బాధలు. నగర బైలాల మీద ఓటున్న కార్పొరేటర్లు 54 డివిజన్లకు ప్రతినిధులు. యార్డు చుట్టుపక్కల పల్లెల తరఫున మాట్లాడేదెవరు? యార్డుకు ఏ చెత్త రాకూడదో, పాత కుప్పలను తవ్వి తొలగించే పని ఎప్పటికి పూర్తి కావాలో వాళ్లను అడిగి బైలాలో రాయాలి.

కాలువల మాట వేరే చెప్పాలా? 2015 నవంబరు వానల్లో ఈ నగరం ఎలా మునిగిందో చూశాం. ఆక్రమణలతో ఇరుకైన కాలువలో కవర్లు, థర్మకోలు పెట్టెలు కూడా అడ్డం పడితే నీళ్లు ఇళ్లలోకి రాక ఎక్కడికి పోతాయి? స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కొట్లు, చేపల మార్కెట్, హోటళ్లు, కల్యాణమండపాలు వేటి చెత్తకు అవి బాధ్యత పడాలి. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు. ఆ రోజుల కోసం బైలాలో విడిగా ఒక అధ్యాయమే ఉండాలి.

ఇక డబ్బు సంగతి. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో పాటు వచ్చిన వినియోగ రుసుమును జనం చెత్త పన్ను అన్నారు, ఎక్కడికక్కడ ఎదిరించారు. 2024లో ప్రభుత్వం మారాక అది రద్దయింది. కోపమంతా రుసుము ఎంతన్నది చూసి వచ్చింది కాదు. తమను అడక్కుండా, బండి సరిగా రాని వీధిలోనూ వసూలు చేశారన్నది జనం బాధ. సేవకు ఖర్చవుతుందని ఎవరూ కాదనరు. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే సంస్థల నుంచి ముందు వసూలు చేయాలని, పేదల వాడలను రుసుము నుంచి మినహాయించాలని మా అభిప్రాయం.

నగరపాలక సంస్థను మేం కోరేది ఇది: ముసాయిదా తేట తెలుగులో ప్రతి వార్డు సచివాలయంలో ఉండాలి. చదవలేనివాళ్లకు చదివి వినిపించాలి. కనీసం 30 రోజుల గడువివ్వాలి. వచ్చిన ప్రతి అభ్యంతరాన్నీ, దాన్ని ఒప్పుకున్నారో లేదో, ఎందుకో రాసి కౌన్సిల్ ఓటింగ్‌కు వారం ముందే ప్రచురించాలి.