ఇరవై నిమిషాల పాటను నిలబెట్టగలిగిన బ్యాండ్ ఏది?

ప్రోగ్రెసివ్ రాక్ అభిమానులు ఇద్దరు కలిస్తే ఏ బ్యాండ్ గొప్పదన్న వాదన తప్పదు. ఆ వాదన చివరికి గిటార్ వేగం దగ్గరో, కీబోర్డుల సంఖ్య దగ్గరో, అమ్ముడుపోయిన రికార్డుల లెక్క దగ్గరో తేలుతుంది. ఈ కొలతలేవీ నాకు సమ్మతం కావు. 1969 నుంచి 1975 దాకా ఇంగ్లండులో వెల్లువెత్తిన ఈ సంగీతం, రాక్ పాటకు అలవాటైన మూడు నాలుగు నిమిషాల హద్దును దాటి, ఎల్.పి. రికార్డులో ఒక వైపంతా ఒకే పాటతో నింపే సాహసం చేసింది. కాబట్టి అంత నిడివి ఆ పాటకు నిజంగా అవసరమైందా, లేక వాయించేవారి సరదా కొద్దీ సాగిందా అన్నదే నేను అడిగే ప్రశ్న. ఈ గీటురాయి మీద తేలిన నా వరుస చాలామందికి రుచించదని తెలిసే రాస్తున్నాను.

ముందుగా యెస్ అనే బ్యాండ్. 1972లో వచ్చిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పద్దెనిమిది నిమిషాలు దాటిన పాట. ఈ సంప్రదాయంలో దానికి మించిన ఒక్క పాటను చూపమంటే నేను చూపలేను. పక్షుల కూతలు, నీటి సవ్వడి మెల్లగా పెరిగి, ఒక్కసారిగా స్టీవ్ హౌ గిటార్ దిక్కుతోచనట్టు విరుచుకుపడుతుంది. ఆ గందరగోళంలోంచి ఒక రాగం ఎప్పుడు రూపు దిద్దుకుందో గమనించేలోపే జాన్ ఆండర్సన్ పాట అందుకుంటాడు. నడుమ అంతా నెమ్మదించి, లండన్‌లోని సెయింట్ గైల్స్ క్రిపిల్‌గేట్ చర్చిలో కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ వాయించిన పెద్ద పైప్ ఆర్గన్ లేచినప్పుడు, అంతవరకు సాగిన పరుగు దేనికోసమో అర్థమవుతుంది. స్టూడియోలో ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి టేపులు అతికిన పాట ఇది. అతుకు మాత్రం వినిపించదు. ఇందులో ఒక్క నిమిషం తీసేసినా లోటు తెలుస్తుంది.

అదే యెస్ మరుసటి ఏడాది చేసిన పనిని మాత్రం నేను క్షమించలేను. 1973 మార్చిలో యెస్ మాజీ డ్రమ్మర్ బిల్ బ్రూఫోర్డ్ పెళ్లిలో, కింగ్ క్రిమ్సన్ అనే మరో బ్యాండ్‌లో తాళవాద్యాలు వాయించిన జేమీ మ్యూర్ మాటల మీద ఆండర్సన్‌కు పరమహంస యోగానంద ‘ఒక యోగి ఆత్మకథ’ పరిచయమైంది. శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అనే నాలుగు శాస్త్ర విభాగాల గురించి అందులో ఉన్న ఒక పాదసూచికను ఆధారం చేసుకుని, రెండు రికార్డుల్లో, వైపుకొక పాట చొప్పున, దాదాపు 80 నిమిషాల ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ తయారైంది. మన గ్రంథాల పేరు వినగానే మనవాళ్లు కొందరు దీన్ని నెత్తిన పెట్టుకుంటారు కానీ, పాదసూచిక మీద 80 నిమిషాల సౌధం కట్టాలంటే లోపల చెప్పవలసిన విషయం ఉండాలి. మంచి రాగాలు అక్కడక్కడా ఉన్నాయి, కాదనను. వాటి మధ్య దూరమే భరించరానిది. కచేరీ జరుగుతుండగా వేదిక మీదే కర్రీ తిన్నానని వేక్‌మన్ స్వయంగా చెప్పుకున్నాడు, 1974లో బ్యాండ్‌నే వదిలేశాడు. శాస్త్రాల మాట ఎలా ఉన్నా, ఆ ప్రదర్శనలో మన దేశపు రుచి ఆయనకు మాత్రం దక్కిందనుకోవాలి.

జెనెసిస్ దారి వేరు. 1972 నాటి ‘ఫాక్స్‌ట్రాట్’లోని ‘సప్పర్స్ రెడీ’ దాదాపు ఇరవై మూడు నిమిషాలు సాగినా, ఏడు అంకాల నాటకంగా సాగుతుంది కనుక నిడివి బరువనిపించదు. పీటర్ గాబ్రియెల్ పాడుతున్నట్టు కాక, ఒక్కో అంకంలో ఒక్కో మనిషిగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది; విడిగా రాసుకున్న ‘విల్లో ఫార్మ్’ అనే వెటకారపు పాటను సరిగ్గా గంభీరమైన ఘట్టాల నడుమ పెట్టడం ఈ బ్యాండ్‌కే చెల్లింది. ‘అపోకలిప్స్ ఇన్ 9/8’ అనే అంకంలో తొమ్మిది లెక్కను అభిమానులు అబ్బురంగా చెప్పుకుంటారు. కర్ణాటక సంగీతంలోని సంకీర్ణ గతి, మిశ్రచాపు విన్న చెవులకు తొమ్మిదిలోనో ఏడులోనో వింతేమీ లేదు. బాస్, డ్రమ్స్ ఆ తొమ్మిదిని మొండిగా పట్టుకుని ఉండగా, టోనీ బ్యాంక్స్ ఆర్గన్ దాన్ని లక్ష్యపెట్టనట్టు తన దారిన తాను పోయి, చివరికి గాబ్రియెల్ గొంతు దూసుకొచ్చే చోట అందరూ ఒక్కటయ్యే తీరు మాత్రం ఎన్నిసార్లు విన్నా నన్ను కూర్చోనివ్వదు.

పింక్ ఫ్లాయిడ్ వీరాభిమానుల కోపానికి ఇక్కడే గురవుతాను. 1971 నాటి ‘ఎకోస్’ ఒకే ఒక్క పియానో స్వరంతో మొదలయ్యే తీరు అపురూపం, ముగింపూ అంతే. నడుమ ఈదురుగాలి, పక్షుల అరుపుల వంటి చప్పుళ్లతో సాగే ఘట్టం సగానికి తగ్గినా పాటకు నష్టం లేదని నా అభిప్రాయం. 1973 నాటి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ను మించి జనాన్ని చేరిన ఆల్బమ్ ఈ వర్గంలో లేదు, ఆ విజయానికి కారణం పొడవైన పాటలు కావు, చిన్న పాటలను తెగకుండా ఒకదానిలో ఒకటి కలిపిన నేర్పు. అది వేరే విద్య, గొప్ప విద్యే.

జెథ్రో టల్ ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ రికార్డు రెండు వైపులా ఒకే పాట. ఇలాంటి భారీ ఆల్బమ్‌లను వెక్కిరించడానికే చేశానని ఇయాన్ ఆండర్సన్ అన్నాడు. వెక్కిరింత అసలు వాటిలో సగాన్ని మించిపోవడం విశేషం. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ వారి ‘టార్కస్’లో మొదటి మూడు నిమిషాలు చాలు నాకు.

ఇక నా మొదటి స్థానం కింగ్ క్రిమ్సన్‌ది. 1974 నాటి ‘రెడ్’ ఆల్బమ్‌లోని ‘స్టార్‌లెస్’ పన్నెండు నిమిషాలే కదా, నీ కొలతకే అది అందదు కదా అని ఎవరైనా అడగవచ్చు. బ్యాండ్ గాయకుడు, బాస్ వాద్యకారుడు జాన్ వెట్టన్ ముందటి ఆల్బమ్ కోసం తెస్తే తోటివారు పక్కన పెట్టిన పాట ఇది. మెల్లోట్రాన్ (టేపుల మీది వాద్యధ్వనులను పలికించే కీబోర్డు) మీద విషాదంగా సాగిన పాట ఆగాక, పదమూడు లెక్కలో బాస్ తిరుగుతూ ఉంటే, రాబర్ట్ ఫ్రిప్ గిటార్ రెండు తీగల మీద ఒకే స్వరాన్ని పట్టుకుని నిమిషాల తరబడి మీటుతూ, కొంచెం కొంచెంగా పైకి జరుపుతాడు. అంత పేరున్న గిటారిస్టు తన నేర్పంతా దాచుకుని ఒక్క స్వరానికి కట్టుబడటం వల్లనే, ఆ తర్వాత శాక్సఫోన్‌తో సహా అంతా బద్దలై మొదటి రాగం తిరిగి వచ్చినప్పుడు గుండె ఝల్లుమంటుంది. ఇతరులు ఇరవై నిమిషాల్లో కట్టినదాన్ని వీరు పన్నెండులో కట్టారు. ఆల్బమ్ బజారులోకి రాకముందే ఫ్రిప్ బ్యాండ్‌ను రద్దు చేశాడు కనుక, ఆ దశకు ‘టేల్స్’ వంటి మచ్చ పడే అవకాశమే లేకపోయింది.

కాబట్టి క్రిమ్సన్, జెనెసిస్, యెస్, ఆ తర్వాతే ఫ్లాయిడ్. యెస్‌ను మూడో స్థానానికి దించానని ఆగ్రహించేవారు దయచేసి ‘టేల్స్’ మూడో వైపును ఎక్కడా ఆపకుండా, ఫోన్ ముట్టుకోకుండా, మొదటి నుంచి చివరిదాకా విని వచ్చాకే నాతో వాదనకు దిగవలసిందిగా మనవి.