సైటాఫీసు గోడమీది బార్ చార్టు గారికి

మహారాజశ్రీ బార్ చార్టు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడమే మర్యాద. కానీ ఇక్కడ మన అపార్టుమెంటు మూడో శ్లాబు దగ్గర ఆగిపోయి ఉండగా, ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో రంగు పట్టీలతో చూపే తమరు మాత్రం లామినేషన్ తొడుక్కుని ఐదో అంతస్తుకు పెయింటు వేయిస్తూ గోడమీద కులాసాగా ఉన్నారు కనుక, కుశలం ఏకపక్షమేనని మనవి చేసుకుంటున్నాను.

తమరి వంశం గొప్పదని ఎరుగుదును. పోలండు ఇంజనీరు కరోల్ అడమియెట్స్కి 1896లోనే ఇటువంటి పటం గీశాడు. అది చాలాకాలం పోలిష్, రష్యన్ భాషలు దాటి బయటకు రాకపోవడంతో, 1910ల్లో గీసిన అమెరికావాడు హెన్రీ గాంట్‌కు పేరు దక్కింది. ఏ పని ఒక్కరోజు ఆగితే మొత్తం కట్టడమే ఒక్కరోజు ఆగుతుందో లెక్కగట్టే క్రిటికల్ పాత్ పద్ధతి 1957లో డ్యూపాంట్ కంపెనీ పనుల కోసం పుట్టింది. అంతటి ఇంట పుట్టిన తమరు మా సైటుకు ఎలా వచ్చారో వింటే పూర్వీకులు నొచ్చుకుంటారు. ముందుగా బ్రోషరులో ‘ఉగాదికి తాళాలు మీ చేతికి’ అని అచ్చు వేయించారు. ఆ తర్వాత ఉగాది నుంచి వెనక్కి లెక్కించుకుంటూ వచ్చి, పునాదికి ఎన్ని రోజులు మిగిలాయో చూసి, అన్నే ఇచ్చారు.

ఆ వెనకడుగులు సరిగ్గా మృగశిర కార్తె దగ్గర ఆగాయి. ఊళ్లో రైతు విత్తనాలు బయటకు తీసే రోజుల్లో మేము సెల్లారు గుంత తవ్వడం మొదలుపెట్టాము. తమరి గడిలో ‘తవ్వకం – 12 రోజులు’ అని ఉన్నది. వానకు గడి లేదు. ఆ రెండు నెలల్లో ఆ గుంతనుంచి మట్టి కంటే నీళ్లే ఎక్కువ తోడాము. డీజిల్ మోటారుకు కూడా ఒక రంగు కేటాయించి ఉంటే అన్నిటికంటే పొడుగు పట్టీ దానిదే అయ్యేది.

శ్లాబు సంగతి మరీ విచిత్రం. పోసిన ఐదో రోజునే దాని కింద ఇటుక గోడలు లేస్తాయని తమరి నీలం పట్టీ సెలవిస్తున్నది. నాలుగున్నర మీటర్లు దాటిన శ్లాబు కింద ఊతాలు 14 రోజులు కదపరాదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతున్నది. మన హాళ్లు ఐదు మీటర్లు. తాపీ మేస్త్రీ తన మనుషులతో వెళ్లేసరికి ఆ అంతస్తు నిండా ఆ ఊతాలే, అంటే జాకీలు, సరుగుడు తోటలా నిలబడి ఉన్నాయి. ‘గోడ ఎక్కడ కట్టమంటారు సార్, జాకీలను కూడా లోపల పెట్టి కట్టేదా?’ అని అతడు అడిగినప్పుడు నేను తమరి వైపు చూశాను. తమరు ఫ్యాను గాలికి కాస్త ఊగారు, అంతే. ఇంకో సెట్టు సెంట్రింగు సామాను తెప్పిస్తే పై అంతస్తు పని ఆగదని నేను రాసిచ్చిన చీటీకి ‘అద్దె దండగ’ అని జవాబు వచ్చింది. ఖాళీగా కూర్చున్న కూలీలకు ఆ అద్దెను మించి ఇచ్చాము. ఆ లెక్క తమరి గడుల్లో ఎక్కడా పడదు.

వడ్రంగం పక్కన 20 రోజులు ఖాళీ వదిలిన పాపం నాదే. పని కాస్త జారినా మొత్తం గడువు చెడకుండా ఉంచే ఆ వెసులుబాటును ఫ్లోటు అంటారని విన్నవించాను. సోమరితనం అంటారని పైవారు సవరించి తుడిచేశారు. లిఫ్టుకు తమరు 15 రోజులు ఇచ్చారు. బిగించడానికి చాలేమో గాని, బయానా కట్టి, కొలతలిచ్చి, ఫ్యాక్టరీ నుంచి తెప్పించుకునే నెలలకు గీతే లేదు.

ప్రతి సోమవారం సమీక్ష జరుగుతుంది, రెండు మూడు వారాలకోసారి తమరికి కొత్త జన్మ లభిస్తుంది. ఇప్పటిది రివిజన్ 11. ఇన్ని జన్మల్లోనూ ఉగాది అంగుళం కదలలేదు, పట్టీలే కుంచించుకుపోయాయి. పర్యవసానంగా ఆఖరి నెలలో టైల్సువారు, పెయింటర్లు, వడ్రంగులు, లిఫ్టువారు ఒకే మెట్లమీద ఒకేసారి ఎక్కవలసి ఉన్నది. తడి పెయింటుమీద రంపపు పొట్టు ఏ రంగులో కనబడుతుందో తమరే చెప్పాలి.

గడువు పొడిగింపుకు, ఇళ్లు కొనేవారి రక్షణకు వచ్చిన 2016 నాటి రెరా చట్టం యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం వంటి వాటిని ఒప్పుకుంటుంది. ఛఠ్ పండుగకు బిహారు వెళ్లిన కడ్డీ పనివాళ్లు నెలైనా తిరిగి రాకపోవడం ఆ జాబితాలో లేదు. ఆ పండుగ ఏటా దీపావళి వెళ్లిన ఆరో రోజున వస్తుంది. చైత్రంలో ఉగాదిని అంత దూరం నుంచి చూడగలిగిన తమరికి మధ్యలో కార్తికం ఎలా ఆనలేదో!

తమరి పక్క మేకుకే సిమెంటు డీలరు ఇచ్చిన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు వేలాడుతున్నది. సెంట్రింగు మేస్త్రీ టీ తాగుతూ చూసేది దాన్నే. ఈ వారం ఏ పలకలు ఊడతాయి, కడ్డీ లారీ వస్తుందా, శ్లాబు పోసేలోపు కరెంటు పైపులు పరుస్తారా అని ముగ్గురిని అడిగి గాని అతడు తేదీ వేయడు. నాలుగో శ్లాబును అమావాస్య దాటాక మూడో రోజుకు పెన్సిలుతో గుర్తు పెట్టాడు. జనవరి 10 నుంచి 20 వరకు ఒకటే అడ్డగీత గీసి, పక్కన ‘ఎవరూ ఉండరు’ అని రాశాడు.

రివిజన్ 12 రేపు ప్రింటు నుంచి వస్తుంది. దిగిపోయేలోపు తమరు కాస్త అటు తిరిగి ఆ క్యాలెండరును చదివి, అందులో ఉన్నది వారసునికి చెప్పి పోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
రివిజన్ 0 నుంచి తమరి కింద కుర్చీలో కూర్చున్న
సైటు ఇంజనీరు