సంతకానికి ముందే తెలియాలి

హైదరాబాద్‌లో భార్యాభర్తల తగాదా పురానీ హవేలీలోని కుటుంబ న్యాయస్థానం దాకా వచ్చేసరికే, అందులో సగం తీర్పు తరచూ బయట జరిగిపోయి ఉంటుంది. బంధువుల ఇంట్లో పెద్దమనుషులు కూర్చుని, వంద రూపాయల బాండు పేపరు మీద నాలుగు మాటలు రాయించి, ఇద్దరి సంతకాలూ సాక్షుల సంతకాలూ తీసుకుని, 'ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎలాంటి హక్కులూ లేవు, ఇచ్చిపుచ్చుకోవలసిందేమీ లేదు' అని ముగించిన కాగితం అప్పటికే ఆ మహిళ చేతిలో ఉంటుంది. దానితోనే విడాకులు అయిపోయాయని ఆమె పుట్టింటివారు నమ్ముతారు. అనాదిగా వస్తున్న కులాచారాన్ని కోర్టులో రుజువు చేయగలిగిన అరుదైన సందర్భాల్లో తప్ప, హిందూ వివాహ చట్టం కింద కోర్టు డిక్రీ లేనిదే పెళ్లి రద్దు కాదు. ఆ కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకున్నవారు ద్వివివాహ నేరంలో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

నగరానికి అటు చివర, మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో ఇలాంటిదే మరో సంతకం జరుగుతుంటుంది. ఉద్యోగిని ఒక గదిలోకి పిలిచి, ఇప్పుడే రాజీనామా రాసిస్తే అనుభవ పత్రం సవ్యంగా ఇస్తామని, లేదంటే తొలగించినట్లు నమోదు చేస్తామని చెబుతారు. ఆలోచించుకునే వ్యవధి ఇవ్వరు. రాజీనామా చేతికిచ్చాక, నన్ను తీసేశారని నిరూపించుకోవలసిన భారం ఉద్యోగి మీదే పడుతుంది. కుటుంబ వివాదంలోనైనా ఉద్యోగ వివాదంలోనైనా సామాన్యుడు నష్టపోతున్నది ఎక్కువగా ఈ మొదటి గంటలోనే అని మేము భావిస్తున్నాము. చట్టాలు ఉన్నాయి, అవి మనిషిని చేరే సమయమే మించిపోతున్నది.

ముందుగా పిల్లల సంగతి. రాజీపత్రాల్లో 'పిల్లల ఖర్చు తల్లే చూసుకుంటుంది, తండ్రిని అడగదు' అన్న వాక్యం అలవాటుగా వచ్చి చేరుతుంది. భార్య తనకు రావలసిన భరణాన్ని వదులుకోవచ్చునేమో గాని, బిడ్డకు రావలసిన దానిని వదులుకునే అధికారం తల్లికి లేదని సుప్రీంకోర్టు 2019లో తేల్చి చెప్పింది. పిల్లలు ఎవరి దగ్గర పెరుగుతున్నారన్న దానితో నిమిత్తం లేకుండా వారి పోషణ తల్లిదండ్రులిద్దరి బాధ్యత. విడాకులతో దాంపత్యం ముగుస్తుంది, తండ్రిగా ఉన్న బాధ్యత ముగియదు. పరస్పర అంగీకార విడాకుల్లో సైతం రెండో దశలో కోర్టు ఎదుట నిలబడి చెప్పేదాకా అంగీకారాన్ని వెనక్కు తీసుకునే హక్కు ఇద్దరికీ ఉంటుంది. కనుక ఒకసారి సంతకం పెట్టాను, ఇక చేయగలిగింది లేదని అధైర్యపడి ఇంట్లో కూర్చోవలసిన అవసరం లేదు.

భార్యాపిల్లల పోషణకు ఇవ్వవలసిన భరణాన్నే చట్టం మనోవర్తి అంటుంది. 2024 జూలై 1 నుంచి, దానిని కోరే హక్కునిచ్చే పాత నేర ప్రక్రియ స్మృతిలోని 125వ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్ అమలులోకి వచ్చింది. కేసు తేలేలోగా ఇప్పించే మధ్యంతర మనోవర్తి దరఖాస్తును, నోటీసు అందిన 60 రోజుల్లోగా వీలైనంత వరకు తేల్చాలని అది చెబుతున్నది. భర్త ఉన్న ఊరికే వెళ్లి కేసు వేయనక్కరలేదు. భార్య తాను నివసిస్తున్న చోటే వేయవచ్చు. మతం ఈ హక్కుకు అడ్డు కాదు. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా ఈ నిబంధన కింద మనోవర్తి కోరవచ్చునని 2024 జూలై 10న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ కేసు తెలంగాణ నుంచి వెళ్లినదే అయినా, పాతబస్తీలో ఎందరు మహిళలకు ఈ సంగతి చేరిందో ప్రభుత్వం తనను తాను ప్రశ్నించుకోవాలి.

అన్నిటికంటె ఎక్కువగా మరుగున పడిపోతున్న నియమం బకాయిలది. కోర్టు ఉత్తర్వు వచ్చాక భర్త డబ్బు కట్టకపోతే, ప్రతి నెల బకాయికీ ఒక నెల వరకు జైలు విధించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. అయితే ఆ సొమ్ము కట్టవలసిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు చేసుకుంటేనే ఈ మార్గం పనిచేస్తుంది. ఇవాళ కాకపోతే రేపు ఇస్తాడని రెండు మూడేళ్లు ఎదురుచూసిన తల్లి, తీరా కోర్టుకు వచ్చి, పాత బకాయి ఈ దారిలో వసూలు కాదని వినవలసి వస్తుంది. ఆమె ఓర్పే ఆమెకు శిక్ష కావడం అన్యాయం. ఉత్తర్వు ప్రతి చేతికిచ్చేటప్పుడే ఈ గడువును మొదటి పుటలో పెద్ద అక్షరాలతో ముద్రించి ఇవ్వడానికి ఖర్చేమీ కాదు.

మనోవర్తి ఎంతన్నది చివరకు జీతం దగ్గరే తేలుతుంది. విడాకుల వ్యాజ్యానికీ ఉద్యోగానికీ ముడి పడేది ఇక్కడే. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఇంటి అద్దె, బడి ఫీజులు, మందుల ఖర్చు వివరంగా రాసి ప్రమాణపత్రం దాఖలు చేయాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. దరఖాస్తు వేసిన తేదీ నుంచే మనోవర్తి లెక్కగట్టాలని కూడా చెప్పింది. జీతం తక్కువ చూపేవారు, కేసు పడగానే ఉద్యోగం మానేశామనేవారు ఉంటారు. ఆరోగ్యంగా ఉండి పని చేయగలిగిన భర్త, ఆదాయం లేదన్న సాకుతో బాధ్యత తప్పించుకోలేడని న్యాయస్థానాలు పదేపదే చెప్పాయి. సివిల్ కోర్టు మనోవర్తి డిక్రీ అమలులో జీతంలో మూడింట రెండు వంతుల వరకు జప్తు చేయించే వీలు కూడా ఉంది. నిజంగానే ఉద్యోగం పోయిన తండ్రి మాత్రం మౌనంగా బకాయి పడడం కంటె, మారిన పరిస్థితిని చూపి మొత్తాన్ని సవరించమని వెంటనే కోర్టును కోరడం మేలు. ఆ హక్కు అతనికీ ఉంది.

ఉద్యోగం విషయంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లు కొన్ని మంచి మార్పులు తెచ్చాయి. రాజీనామా చేసినా తొలగించినా రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. నిర్ణీత కాలానికి తీసుకున్నవారికి ఐదేళ్లు నిండకపోయినా, చేసిన కాలానికి తగ్గట్టు గ్రాట్యుటీ ఇవ్వాలి. మన రాష్ట్రంలో వర్తించే దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం, ఆరు నెలలు వరుసగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం, నెల రోజుల నోటీసు లేదా నెల జీతం లేకుండా తొలగించకూడదు. ప్రసూతి సెలవులో ఉన్న మహిళను తొలగించడం చట్టవిరుద్ధం. కోఠిలో చీరల దుకాణంలో రోజంతా నిలబడి పనిచేసే అమ్మాయికి నియామక పత్రమే చేతికి రాని చోట ఈ హక్కులను ఏ కాగితంతో రుజువు చేయమంటారు? నియామక పత్రం తప్పనిసరి అన్న కొత్త నియమాన్ని కార్మిక శాఖ తనిఖీలు మొదట ఇలాంటి దుకాణాల్లోనే అమలు చేయించాలి.

మహిళలకూ పిల్లలకూ, ఆదాయం ఎంతైనా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ఇచ్చింది. పారిశ్రామిక కార్మికులకూ ఆ హక్కు ఉంది. 15100 నంబరుకు ఫోను చేస్తే సలహా దొరకాలి. కానీ ఈ సహాయం కోర్టు ఆవరణలో ఎదురుచూస్తూ కూర్చుంటే చాలదు. పంచాయితీ జరిగేది పోలీసు స్టేషను వరండాలో, బస్తీలో, బంధువుల ఇంట్లో. రాజీనామా రాయించేది కార్యాలయంలో. ప్రతి పోలీసు స్టేషను పరిధిలో వారానికి రెండు రోజులైనా ప్రాథమిక న్యాయ సలహా ఇవ్వడానికి శిక్షణ పొందిన పారాలీగల్ వాలంటీరును కూర్చోబెట్టాలి. ఆదాయ ప్రమాణపత్రం నమూనాను తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేయించి, దానిని నింపడానికి సాయపడే మనిషిని మీసేవా కేంద్రాల్లో ఉంచాలి. రాజీపత్రం రాసుకోబోయే ఏ దంపతులైనా సంతకానికి ముందు దానిని ఉచితంగా న్యాయవాదికి చూపించుకునే ఏర్పాటును రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ, మహిళా శిశు సంక్షేమ శాఖ, కార్మిక శాఖ కలిసి ఈ ఏడాదిలోనే హైదరాబాద్‌లో మొదలుపెట్టాలని, దానికి కావలసిన నిధులను వచ్చే బడ్జెట్‌లో విడిగా చూపాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాము.