ఒక్కడే దొంగ అను మహాసిద్ధాంతం

పరిపాలనా శాస్త్రానికి అమెరికా చేసిన మేలు గురించి రాయమంటే నేను వాళ్ల రాజ్యాంగంతో మొదలుపెట్టను. 2007 జులై 24న న్యూయార్క్‌లో జరిగిన ఒక విలేకరుల సమావేశంతో మొదలుపెడతాను. ఒక రెఫరీ సొంత లీగ్ మ్యాచ్‌ల మీదే పందేలు కాశాడన్న వ్యవహారం గురించి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ కమిషనర్ డేవిడ్ స్టెర్న్ ఆ రోజు చెప్పినవి రెండు ముక్కలు. అభిమానిగా, లీగ్ లాయరుగా, కమిషనరుగా తాను చూసినవాటిలో ఇంతకంటే ఘోరం లేదన్నది మొదటిది. ఇదంతా ఒంటరిగా తిరిగే ఒక నేరగాడి పని అన్నది రెండోది. అప్పటికి దర్యాప్తు ముగియలేదు, నిందితుడు కోర్టులో తప్పు ఒప్పుకోనూ లేదు. తల లెక్క మాత్రం తేలిపోయింది. ఒకటి.

తిలాపాపం తలా పిడికెడు అని మనవాళ్లు పంచిపెడతారు. పంచితే ఎంత గందరగోళం! ఎవరి పిడికిలి ఎంతో కొలవాలి, విచారణలు నడపాలి, సంఘాలు వేయాలి. గంప మొత్తం ఒకడి నెత్తిన పెట్టి పంపేస్తే సీజన్ టికెట్లు అమ్ముకోవచ్చు. ఈ వివేకాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. సమర్థిస్తూ కొన్ని వివరాలు మనవి చేస్తాను. అవి సిద్ధాంతానికి అడ్డొస్తే తప్పు వివరాలదే.

ఆ ఒకడి పేరు టిమ్ డొనగీ. పదమూడు సీజన్లు విజిల్ ఊదాడు. 772 లీగ్ మ్యాచ్‌లు, 20 ప్లేఆఫ్ మ్యాచ్‌లు. ఆఖరి ఏడాది జీతం దాదాపు 2,60,000 డాలర్లు. తీర్పుల కచ్చితత్వంలో లీగ్ వేసే మార్కుల్లో పై వరుసలోనే ఉన్నాడని కమిషనరే చెప్పారు. అంటే లీగ్ నాణ్యతా పరీక్షలో అతను మంచి మార్కులతో పాసైన అభ్యర్థి. 2005లో ఇరుగుపొరుగువాళ్లతో ఏదో గొడవ నడిచినప్పుడు లీగ్ మనుషులు అతనికి కాసినోల అలవాటుందేమోనని ఆరా కూడా తీశారు. ఏమీ దొరకలేదు. ఆ సరికి అతను సొంత లీగ్ మ్యాచ్‌ల మీద పందేలు కాస్తూనే ఉన్నాడు. ఆరా తీసినవాళ్ల చిత్తశుద్ధిని నేను శంకించను. ఎదురుగా ఉన్నది కనపడకపోవడానికి కూడా కొంత శిక్షణ కావాలి.

మరి ఎవరు పట్టుకున్నారు? లీగ్ కాదు. ఎఫ్‌బీఐ న్యూయార్క్‌లో గాంబినో మాఫియా కుటుంబం మీద దర్యాప్తు చేస్తుంటే, ఆ తీగ లాగినప్పుడు చారల చొక్కా లేని ఒక రెఫరీ కదిలాడు. (ఎన్‌బీఏ రెఫరీలది బూడిదరంగు చొక్కా. ఇలాంటి వ్యాసాల్లో కనీసం చొక్కా రంగైనా సరిగ్గా ఉండాలి.) కాబట్టి ప్రపంచంలోని క్రీడా సంస్థలన్నింటికీ నా మొదటి సూచన: మీ నిజాయితీ విభాగం ఖర్చు తగ్గించుకుని, దగ్గర్లో మంచి మాఫియా ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు బాస్కెట్‌బాల్ పరిచయం లేని పాఠకుల కోసం కొంచెం పందెం శాస్త్రం. మన గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి బరిలో కోళ్లు కొట్టుకుంటుంటే అసలు డబ్బు బరి బయట పైపందేల్లో తిరుగుతుంది. ఇక్కడా అంతే, కాకపోతే కోళ్లకు కోట్ల డాలర్ల జీతం. ఎవరు గెలుస్తారన్నది చిన్న పందెం. ఎంత తేడాతో గెలుస్తారన్నదే పెద్దది. బుకీ ముందే ఒక గీత గీస్తాడు, ఫలానా జట్టు ఆరు పాయింట్ల కంటే ఎక్కువ తేడాతో గెలవాలని. ఏడుతో గెలిస్తే దాని మీద కాసినవాడికి పండగ. అయిదుతో గెలిస్తే జట్టు గెలిచినట్టే, పందెం పోయినట్టే.

ఇందులో ఉన్న సౌకర్యం గమనించండి. రెఫరీ ఎవరినీ ఓడించక్కర్లేదు. గెలవాల్సినవాళ్లను గెలవనిస్తాడు, ఓడాల్సినవాళ్లను ఓడనిస్తాడు, మధ్యలో రెండు ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు బదులుగా దక్కే ఉచిత షాట్లు) అటూ ఇటూ సర్దుతాడు. పది మంది భారీకాయులు ఒకరి మీద ఒకరు పడుతూ ఆడే ఆటలో ఫౌల్ అనేది ఎప్పుడూ ఉంటుంది. దాన్ని చూడాలా వద్దా అన్నదే ప్రశ్న. ఊదితే నిబంధన ప్రకారం ఊదినట్టు, ఊదకపోతే ఆటను ఆడనిచ్చినట్టు. రెండింటికీ వ్యాఖ్యాతలు మెచ్చుకుంటారు.

అంత విలువైన విజిల్‌ను డొనగీ ఎంతకు అమ్మాడు? 2006 డిసెంబరులో కుదిరిన బేరం ప్రకారం, తాను చెప్పిన జట్టు నెగ్గితే 2,000 డాలర్లు. తప్పితే రూపాయి నష్టం లేదు. తర్వాత రేటు 5,000కు పెరిగింది. మొత్తం మీద కోర్టు కాయితాలకెక్కిన రాబడి 30,000 డాలర్లు. జీతంలో ఎనిమిదో వంతు కూడా కాదు! నాకు కోపమొచ్చేది ఇక్కడే. అవినీతికి కూడా ఒక గౌరవం ఉంటుంది. మన దగ్గర ఒక మామూలు అపార్టుమెంటు ప్లాను మంజూరు చేసే మనిషి ఈ లెక్క వింటే ముక్కున వేలేసుకుంటాడు.

బేరం కుదిర్చిన ఇద్దరూ, జేమ్స్ బాటిస్టా, థామస్ మార్టినో, డొనగీతో పాటు పెన్సిల్వేనియాలో ఒకే హైస్కూల్లో చదువుకున్నవాళ్లు. బడి స్నేహం గొప్పదని ఊరికే అనలేదు పెద్దలు. ఫోన్లో సంకేతభాష కూడా ఇంటిల్లిపాదీ వినదగ్గది. మార్టినోకు ఇద్దరు అన్నదమ్ములు. మాటల్లో ఒకరి ప్రస్తావన వస్తే సొంత ఊరి జట్టు మీద కాయాలి, రెండోవారి ప్రస్తావన వస్తే వచ్చిన జట్టు మీద. పక్కన కూర్చున్నవాళ్లకు పాపం కుటుంబాల మీద ఎంత అభిమానమో అనిపించి ఉంటుంది. ముగ్గురు కలిసి చేసిన పనిని ఒక్కడి పని అనడం ఎలాగని మీరు అడగవచ్చు. మిగతా ఇద్దరూ లీగ్ ఉద్యోగులు కారు. లెక్క చెడలేదు.

2007 ఆగస్టు 15న బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టులో డొనగీ నేరం ఒప్పుకున్నాడు. ఆరోపణలు రెండు. ఫోన్ల ద్వారా మోసానికి కుట్ర, పందేల సమాచారం రాష్ట్రాల సరిహద్దులు దాటించడం. అంటే కేసు ఫోన్ మీదే, విజిల్ మీద కాదు. ఫలానా రాత్రి ఫలానా ఫౌల్ కావాలని తప్పుగా ఊదాడని ఎవరూ నిరూపించలేదు, అతనూ ఒప్పుకోలేదు. డబ్బు ఆశ వల్ల తన తీర్పు పక్కదారి పట్టి ఉండొచ్చన్నంత వరకే దిగాడు. తాను అమ్మింది లోపలి సమాచారమట. ఏ రాత్రి ఏ రెఫరీ వస్తాడు, ఏ రెఫరీకి ఏ ఆటగాడంటే గిట్టదు, ఎవరి కాలు నొప్పిగా ఉంది, ఇలాంటివి. ఆలోచించాల్సిన మాట. రెఫరీ పేరు తెలిస్తే ఫలితం అందాజుగా తెలుస్తుందంటే, ఆ రహస్యాన్ని అమ్మినవాడు దోషి. ఆ రహస్యం పనిచేసేలా నడిచిన ఆట మాత్రం పవిత్రం.

శిక్ష 15 నెలలు. బాటిస్టాకు 15, మార్టినోకు ఏడాది మీద ఒక రోజు. లీగ్ మాత్రం నష్టపరిహారం అడుగుతూ లెక్కలు రాసింది. అతని జీతంలో భాగం, ఇచ్చిన ఉచిత టికెట్లు, చివరికి బూట్ల ఖరీదు కూడా. కోర్టు చాలావరకు కొట్టేసి ముగ్గురినీ కలిసి 2,17,266 డాలర్లు కట్టమంది. ఆట పరువుకు ఎంత అడగాలో లీగ్‌కు తెలియకపోయి ఉండవచ్చు. బూట్ల రేటు తెలుసు.

ఇక్కడ సిద్ధాంతానికి తొలి పరీక్ష వచ్చింది. ఎన్‌బీఏ రెఫరీల ఒప్పందంలో జూదం మీద దాదాపు సంపూర్ణ నిషేధం ఉండేది, సెలవుల్లో గుర్రప్పందేలు తప్ప. 2007 అక్టోబరులో స్టెర్న్ గారే ప్రకటించారు: మొత్తం 56 మంది రెఫరీలు ఏదో ఒక రూపంలో ఆ నిషేధాన్ని ఉల్లంఘించారు, సగానికి పైగా కాసినోల్లో ఆడారు. యాభై ఆరుకు యాభై ఆరు! మా చిన్నప్పుడు ఏ బడిలోనూ ఇంత ఉత్తీర్ణత శాతం చూడలేదు. మామూలు సంస్థయితే గుండె పగిలేది. స్టెర్న్ చెక్కుచెదరలేదు. నిబంధన మరీ కఠినంగా ఉందని తేల్చి దాన్ని సడలించారు. ఎవరినీ శిక్షించలేదు. అందరూ చేసిన తప్పుకు నిబంధనే బాధ్యత వహించాలి కదా, మనుషులు వహిస్తే మ్యాచ్‌లు ఎవరు నడుపుతారు?

నిజం చెప్పాలంటే, స్నేహితులతో గోల్ఫ్ ఆడుతూ పది డాలర్లు కాసినవాణ్ణీ మ్యాచ్ అమ్మినవాణ్ణీ ఒకే గాటన కట్టకూడదు. లీగ్ నియమించిన లాయరు లారెన్స్ పెడోవిట్జ్ 2008లో ఇచ్చిన నివేదికలో, డొనగీ తప్ప మరే రెఫరీ ఎన్‌బీఏ మ్యాచ్‌ల మీద కాయలేదని, సమాచారం అమ్మలేదని తేల్చారు. లీగ్ డబ్బిచ్చి రాయించుకున్న నివేదిక లీగ్‌కు నచ్చేలా వచ్చింది. నేను నమ్ముతున్నాను. నివేదికలు ఎప్పుడైనా ఖర్చు పెట్టినవాళ్లను బాధపెట్టాయా?

అన్నట్టు, సంస్కరణ కూడా ఒకటి జరిగింది. అంతకుముందు ఏ మ్యాచ్‌కు ఏ రెఫరీలో ఆట మొదలయ్యే కాస్త ముందు దాకా గుట్టు. ఆ తర్వాత మ్యాచ్ రోజు పొద్దున్నే ప్రకటించడం మొదలుపెట్టారు. డొనగీ అమ్ముకున్న సరుకును లీగ్ ఉచితంగా పంచిపెట్టింది. దీన్నే ప్రజా పంపిణీ వ్యవస్థ అంటారు.

పాత సంగతులు తవ్వడం నా స్వభావం కాదు గానీ, 1990ల్లో కొందరు రెఫరీలు లీగ్ ఇచ్చిన ఫస్ట్ క్లాస్ విమాన టికెట్లను చౌక టికెట్లుగా మార్చుకుని, మిగిలిన డబ్బు జేబులో వేసుకుని, పన్ను లెక్కల్లో చూపలేదు. కేసులు పడ్డాయి, నేరం ఒప్పుకున్నారు, రాజీనామా చేశారు. తర్వాత వాళ్లలో కొందరు మళ్లీ విజిల్ అందుకున్నారు. అది ప్రభుత్వ ఖజానాకు సంబంధించిన వ్యవహారం. ఆటకు సంబంధం లేదు.

2002 పశ్చిమ విభాగం ఫైనల్ ఆరో మ్యాచ్ మాత్రం ఆటకు సంబంధించిందే. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో శాక్రమెంటో కింగ్స్ 3-2తో ముందున్నారు. ఆఖరిదైన నాలుగో క్వార్టర్ ఒక్కదాంట్లో ప్రత్యర్థి లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు 27 ఫ్రీ త్రోలు దక్కాయి. కోబీ బ్రయంట్ మోచెయ్యి మైక్ బిబీ ముక్కుకు తగిలితే ఫౌల్ బిబీ మీద పడింది. ముక్కు మోచేతికి అడ్డొచ్చిందన్నమాట. లేకర్స్ 106-102తో నెగ్గి, ఏడో మ్యాచ్ ఆడించి, అదీ గెలిచారు. వినియోగదారుల ఉద్యమనేత రాల్ఫ్ నేడర్ అంతటివాడు స్టెర్న్‌కు ఉత్తరం రాశాడు. 2008లో డొనగీ, సిరీస్ ఏడో మ్యాచ్ దాకా సాగాలని ఇద్దరు రెఫరీలు కోరుకున్నారని కోర్టుకు చెప్పించాడు. లీగ్ ఖండించింది. చెప్పినవాడు శిక్ష తగ్గించుకోవాలనుకునే నేరస్థుడు కాబట్టి నమ్మనక్కర్లేదు. రుజువూ లేదు. 27 మాత్రం ఇప్పటికీ 27గానే ఉంది.

2015 నుంచి లీగ్ ఇంకో మంచి పని చేస్తోంది. హోరాహోరీ మ్యాచ్‌ల ఆఖరి రెండు నిమిషాల్లో రెఫరీలు ఏ తీర్పు సరిగ్గా ఇచ్చారో, ఏది తప్పో మర్నాడు నివేదిక ప్రకటిస్తుంది. ఫలితం మారదు. పోస్టుమార్టం రిపోర్టు పారదర్శకంగా చేతికిస్తారు, అంతే.

ఇక అసలు కథ. క్రీడా పందేలను చట్టబద్ధం చేయబోయిన న్యూజెర్సీ రాష్ట్రం మీద 2012లో కోర్టుకెక్కిన లీగుల్లో ఎన్‌బీఏ ఒకటి. పందేలు వస్తే ఆట పవిత్రత మంటగలుస్తుందని వాదన. 2014లో కొత్త కమిషనర్ ఆడమ్ సిల్వర్‌కు జ్ఞానోదయమై, పందేలను చట్టబద్ధం చేసి అదుపులో పెట్టాలని పత్రికలో వ్యాసం రాశారు. దావా మాత్రం నడుస్తూనే ఉంది. 2018 జనవరిలో లీగ్ తరఫు లాయరు న్యూయార్క్ శాసనసభ్యుల ముందు ఒక కోరిక కోరాడు. కాసే ప్రతి పందెం మొత్తంలో ఒక శాతం తమకు ఇవ్వాలి. దానికి పెట్టిన పేరు నిజాయితీ రుసుము. ఆ ఏడాది మే 14న సుప్రీంకోర్టు న్యూజెర్సీ పక్షాన తీర్పిచ్చింది. జులై 31కల్లా లాస్ వెగాస్ కాసినో సంస్థ ఎంజీఎం రిసార్ట్స్ లీగ్‌కు అధికారిక భాగస్వామి అయిపోయింది. ఓడిపోయిన కక్షిదారు రెండున్నర నెలల్లో గెలిచినవాడి ఇంట్లో పెళ్లిపెద్ద అయ్యాడు.

నిజాయితీ రుసుమును రాష్ట్రాలు ఇవ్వలేదు. అన్యాయం! నిజాయితీ ఉచితంగా ఎందుకు దొరకాలి? డొనగీ మ్యాచ్‌కు రెండు వేలు తీసుకున్నాడు, రసీదు లేదు. లీగ్ అడిగింది వందకు ఒకటి, రసీదుతో సహా. ఇప్పుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మన తెలుగు కుర్రాడు సోఫాలో కూర్చుని మ్యాచ్ చూస్తే, తేడా ఎంతో బుకీని గుసగుసగా అడగక్కర్లేదు. ఫోన్లోనే గీత కనిపిస్తుంది. అదే కుర్రాడు సెలవులకు విజయవాడో హైదరాబాదో వచ్చి ఆ పనే చేస్తే పోలీసులొస్తారు. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి.

చట్టబద్ధం చేశాక దొంగలు పోయారా అంటే, పోయారు, ఒక్కొక్కరుగా. 2024 ఏప్రిల్‌లో టొరంటో ఆటగాడు జాంటే పోర్టర్ మీద జీవితకాల నిషేధం. మార్చి 20న ఒంట్లో బాగాలేదని మూడు నిమిషాలకే తప్పుకున్నాడు. అతను తక్కువ స్కోరు చేస్తాడన్న పందెం మీద ఎవరో 80,000 డాలర్లు పెట్టారు, నెగ్గితే 11 లక్షలు. ఆ తర్వాత 2025 అక్టోబరు 23న, సీజన్ మొదలైన రెండు రోజులకే, ఎఫ్‌బీఐ రెండు కేసుల్లో ముప్ఫై మందికి పైగా అరెస్టు చేసింది. పోర్ట్‌లాండ్ కోచ్ చాన్సీ బిలప్స్ పేకాట కేసులో, మయామీ ఆటగాడు టెరీ రోజియర్ పందేల కేసులో. ఇవి ఆరోపణలు, ఇద్దరూ కాదన్నారు. పేకాట కేసులో ముక్కల్ని చదివే ఎక్స్‌రే బల్ల కూడా ఉందట. మన క్లబ్బుల్లో ఫ్యానుకు గ్రీజు పెట్టడానికే సభ్యులు చందా ఇవ్వరు.

దీన్ని చూసి కొందరు తొందరపడి సిద్ధాంతం బద్దలైందంటున్నారు. కాదు. ప్రతిసారీ ఒక్కడే. 2007లో ఒక్కడు, 2024లో ఇంకో ఒక్కడు, 2025లో కొందరు ఒక్కళ్లు. ఈ అనిశ్చితిని తొలగించడానికి లీగ్‌కు నా నిర్మాణాత్మక సూచన ఏమిటంటే, సీజన్ మొదట్లోనే ఈ పోస్టును నోటిఫై చేయాలి. ఒంటరి దుర్మార్గుడు, ఖాళీ ఒకటి. ఒక ఏడాది రెఫరీలకు, ఒక ఏడాది ఆటగాళ్లకు, ఒక ఏడాది కోచ్‌లకు, రోస్టర్ ప్రకారం. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. జీతం, ఉచిత టికెట్లు, బూట్లు. పదవీకాలం ముగిశాక బూట్లు తిరిగి అప్పగించాలి.

డొనగీకి దరఖాస్తు చేసే అవకాశం లేదు లెండి. జైలు నుంచి వచ్చాక పుస్తకం రాశాడు, పందేల సలహాలు అమ్మాడు, 2021లో మేజర్ లీగ్ రెస్లింగ్ అనే కుస్తీల సంస్థలో రెఫరీగా చేరాడు. అక్కడ ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు, రెఫరీ అమ్ముడుపోవడం కథలో భాగం, చూసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. ఇంతవరకు ఆయన తీర్పుల మీద ఎవరూ ఎఫ్‌బీఐకి ఫిర్యాదు చేసిన దాఖలాలు లేవు.