తల్లిదండ్రులకూ తోడు కావాలి

మానసికంగా సతమతమవుతున్న పిల్లలకు హెల్ప్‌లైన్ నంబరు ఇస్తే చాలదని, వారి తల్లిదండ్రులకూ దగ్గరలో ఒక ఆసరా ఉండాలని ఒక వ్యాసకర్త రాసిన మాటతో ఏకీభవిస్తున్నాను. నిజానికి ఇది కొత్త ఆలోచన కాదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల బంధువులను వారితోపాటే ఉంచి, జబ్బు స్వభావాన్నీ, ఇంటికి వెళ్ళాక మసలుకోవలసిన తీరునూ వారికి వివరించేవారు. కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా మానసిక వైద్యం అందించిన అనుభవం ఆధారంగా, ఆ వైద్యాన్ని జిల్లాలకు తెచ్చే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో నాలుగు జిల్లాల్లో మొదలైనప్పుడు వాటిలో మన మెదక్ ఒకటి.

అయితే జిల్లా ఆసుపత్రిలో వైద్యుడు ఉన్నంత మాత్రాన ఊళ్ళో ఉన్న తల్లికి ధైర్యం రాదు. ఇంటర్ చదివే కొడుకు నెలల తరబడి గది దాటి రాకపోతే అది బద్ధకమనో, గాలి సోకిందనో చుట్టుపక్కలవారే తేల్చేస్తారు (పెళ్ళి చేస్తే కుదురుకుంటాడన్న సలహా కూడా ఉచితమే). 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు తల్లిదండ్రులు కూడా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చునని ఎందరికి తెలుసు? పొదుపు సంఘాల సమావేశాల్లో ఆశా కార్యకర్త ఒక అరగంట ఈ విషయం మాట్లాడితే, ఒకే బాధ పడుతున్న ఇద్దరు తల్లులు ఒకరినొకరు గుర్తుపట్టే అవకాశమైనా ఉంటుంది. అందుకు కౌన్సెలర్ల నియామకం దాకా ఆగనక్కరలేదు.