ట్రాక్టర్ ట్రక్కులో ప్రయాణం క్షేమమన్న సందేశంలో నిజమెంత?

కార్తిక పౌర్ణమి, సంక్రాంతి దగ్గరపడగానే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. సముద్రస్నానానికి మైపాడు తీరానికో మరో రేవుకో ట్రాక్టర్ ట్రక్కులో వెళ్లడం కారు కంటే, ఆటో కంటే క్షేమమని, ట్రాక్టర్ ముప్పై కిలోమీటర్ల వేగం దాటదు కాబట్టి పెద్ద ప్రమాదం జరగదని, మూడు పుట్ల వడ్లు లాగే ట్రక్కుకు నలభై మంది ఒక లెక్క కాదని, ట్రక్కును ట్రాక్టర్‌కు తగిలించే హుక్కులోని పిన్ను ఊడే రకం కాదని, బండికి ఇన్సూరెన్సు ఉన్నా పోలీసులు ఆపేది జరిమానాల కోసమేనని, బస్సులు లేని ఊళ్లవాళ్లు ఇంకెలా వెళ్లాలని దాని సారాంశం. మా ఇంట్లోనూ ట్రాక్టర్ ఉంది. చిన్నప్పుడు నేనూ ట్రక్కులో వరిగడ్డి పరిచిన చోట కూర్చుని సముద్రస్నానానికి వెళ్లినవాణ్ణే. అయినా ఆ సందేశంలో చివరి మాట తప్ప మిగిలినవేవీ నిలిచేవి కావు.

మొదట వేగం సంగతి. మన బండి వేగం ఒక్కటే చూసుకుంటే సరిపోదు, వెనక వస్తున్న బండి వేగం కూడా లెక్కలోకి వస్తుంది. పదహారో నంబరు జాతీయ రహదారిపై కార్లకు గంటకు 100 కిలోమీటర్ల వరకు అనుమతి ఉంది. ట్రాక్టర్ 25లో వెళుతుంటే ఆ కారు 75 కిలోమీటర్ల తేడాతో మీదికి వస్తున్నట్టే. వంద మీటర్ల దూరం ఐదు సెకన్లు తిరక్కుండానే కరిగిపోతుంది. వెనక లైటు వెలగని, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు బురదకు మాసిపోయిన ట్రక్కును పండగ రద్దీలో చీకటివేళ డ్రైవరు గుర్తుపట్టేసరికి ఆ ఐదు సెకన్లలో సగం గడిచిపోతాయి. హైవే ఎక్కకపోతే భయం లేదనుకోవడమూ పొరపాటే. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కూలీలతో వస్తున్న ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని ఢీకొని, తీగలు మీదపడి, కనీసం తొమ్మిది మంది చనిపోయారు. 2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూర్ జిల్లాలో గుడికి వెళ్లి తిరిగివస్తున్న ట్రాక్టర్ ట్రక్కు చెరువులో బోల్తాపడి 26 మంది ప్రాణాలు పోయాయి. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలే. ఈ రెండు చోట్లా వేరే బండి వేగంగా వచ్చి గుద్దింది లేదు.

వడ్ల లెక్క వినడానికి బాగుంటుంది, నిజానికి బరువు వరకు అది సరైనదే. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు, మూడు పుట్లంటే 2,550 కిలోలు. మనిషికి 55 కిలోల చొప్పున నలభై మంది 2,200 కిలోలే అవుతారు. అయితే వడ్ల బస్తా పెట్టిన చోటే ఉంటుంది, అడుగునే ఉంటుంది. మనుషులు నిలబడతారు, దారిలో చుట్టాలు కనబడితే అందరూ ఒక పక్కకు ఒరుగుతారు, దిగేచోటు వస్తోందనగానే వెనక డోరు దగ్గరికి చేరతారు. రెండు చక్రాల ట్రక్కుకు ఇరుసు నడుమ ఉంటుంది కాబట్టి, బరువు వెనక్కి పోయిన కొద్దీ ముందున్న హుక్కు పైకి లేచి, ట్రాక్టర్ పెద్ద చక్రాల మీది బరువును తగ్గిస్తుంది. మన ట్రాక్టర్లకు బ్రేకులు సాధారణంగా ఆ పెద్ద చక్రాలకే ఉంటాయి, ట్రక్కులకు చాలావాటికి బ్రేకులే ఉండవు. అంటే బ్రేకు పట్టవలసిన చక్రాలకే నేలమీద పట్టు తగ్గిపోతుంది. జనమంతా ముందుకు జరిగితే మరో తంటా. అప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు.

బ్రేకుల గురించి ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే నేను ఎక్కువగా భయపడేది దీనికే. ట్రాక్టర్‌కు కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి, రెండు బ్రేకు పెడళ్లుంటాయి. మడి చివర మలుపు తిప్పడానికి ఒకదాన్నే తొక్కుతారు. రోడ్డెక్కేముందు ఆ రెండింటినీ కలిపి కొక్కెం వేయాలి. మన దగ్గర కార్తికమాసం దమ్ములు సాగే కాలం. పొద్దుటిదాకా మడిలో తిరిగిన బండికి కేజ్ వీల్స్ (దమ్ముకు వేసే ఇనుప చక్రాలు) విప్పి, ట్రక్కు తగిలించి, జనాన్ని ఎక్కించుకుని బయల్దేరే తొందరలో ఆ కొక్కెం మరిచిపోతే, అడ్డంగా వచ్చిన గేదెను చూసి ఒక పెడలు తొక్కగానే ట్రాక్టర్ ఆ పక్కకు లాగేస్తుంది, వెనకనుంచి రెండు మూడు టన్నుల బరువు తోసుకొస్తుంది, బండి మధ్యకు మడతపడుతుంది. బరువు సర్దడం సంగతికే వస్తే, బ్రిటన్‌లో సెలవులకు కార్ల వెనక కారవాన్ (చక్రాల మీది చిన్న ఇల్లు) తగిలించుకుని వెళ్లేవారు కారవాన్ మొత్తం బరువులో సుమారు 5 నుంచి 7 శాతం హుక్కు మీద ఉండేలా సామాను సర్దుకుంటారు. ఇంత జాగ్రత్తగా సర్దిన కారవాన్‌లో కూడా అది కదులుతుండగా మనుషులు కూర్చోవడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు.

పిన్ను గురించి క్లుప్తంగానే చెబుతాను. క్రితం ఏడాది మైపాడు దారిలో ఒక టీ కొట్టు ముందు ఆగి ఉన్న ట్రక్కు హుక్కును వంగి చూశాను. పిన్ను లావుగానే ఉంది. దాని అడుగు బెజ్జంలో క్లిప్పు ఉండవలసిన చోట తుప్పుపట్టిన బైండింగ్ వైరు రెండు చుట్లు చుట్టి ఉంది, అందులో ఒక చుట్టు అప్పటికే తెగిపోయింది. గుంతల్లో ఎగిరేటప్పుడు పిన్నును పైకి రాకుండా ఆపేది ఆ క్లిప్పే గాని పిన్ను లావు కాదు.

ఇన్సూరెన్సు ఉందన్న మాట మిగతావాటి కంటే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే దాన్ని నమ్మేది బండి యజమానులు. సరకు రవాణా వాహనంలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికుల మరణానికి బీమా సంస్థ బాధ్యత వహించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో తేల్చింది. వ్యవసాయానికి తీసుకున్న ట్రాక్టర్ పాలసీ ట్రక్కులో కూర్చున్న బంధువులకు వర్తిస్తుందని అనుకోకూడదు. కొన్ని కేసుల్లో కోర్టులు ముందు బీమా సంస్థ చేత బాధితులకు ఇప్పించినా, ఆ సొమ్మును తరువాత యజమాని నుంచి వసూలు చేసుకొమ్మంటాయి. నాలుగెకరాల రైతు పుణ్యానికి పోయి ఊళ్లోవాళ్లను ఎక్కించుకుంటే, చివరికి ఆ నాలుగెకరాలే పరిహారం కింద పోవచ్చు. పోలీసులు ఆపేది దేనికోసమైనా, ఆపినందువల్ల ముందు గట్టెక్కేది ఆ రైతే.

ఇక బస్సుల మాట. ఇది న్యాయమైన ఫిర్యాదు, దీన్ని నేను ఖండించను. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకపోయినా, తెల్లవారుజామున స్నానానికి చేరుకోవలసిన ఊరికి ఆ వేళకు బస్సే రాకపోతే ఆ ఉచితం వల్ల ఉపయోగం లేదు. అయితే ఆర్టీసీ బస్సులను అద్దెకూ ఇస్తుంది. ట్రక్కుకు జనం పోగయ్యేది ఎలాగూ వారం ముందే కాబట్టి, ఆ నలభై మంది పేర్లతోనే డిపో మేనేజరుకు ఒక అర్జీ రాసి, ప్రత్యేక బస్సు వేయమని గాని అద్దెకు ఇవ్వమని గాని అడగవచ్చు. ఆ సందేశాన్ని పంచుకునే గ్రూపులోనే ఈ అర్జీకి పేర్లు కూడగట్టవచ్చు. బస్సు దొరికినా ట్రాక్టర్ కూడా కావాలంటే, వంటపాత్రలు, టెంటు సామాను, నీళ్ల డ్రమ్ములు ట్రక్కులో వేసి, డ్రైవరును ఒక్కణ్ణే పగటిపూట ముందుగా పంపండి.